56 అక్షరాలు, ఒక్క షీటు: సొంతంగా చిన్న వస్తువులు చేసి అమ్మాలనుకునే డిజైనర్‌కి నా సమాధానం

ముందు మీ ప్రశ్న క్లుప్తంగా చెప్పుకుందాం. మీరు విజయవాడలో ఒక యాడ్ ఏజెన్సీలో ఆరేళ్లుగా గ్రాఫిక్ డిజైనర్‌గా పనిచేస్తున్నారు. పిల్లల కోసం తెలుగు అక్షరాల కార్డుల సెట్ ఒకటి సొంతంగా చేసి అమ్మాలని ఉంది. బొమ్మలు సగం గీసేశారు. వెనకవైపు మన కవుల పంక్తులు వేద్దామనుకుంటున్నారు. అది నడిస్తే తర్వాత చెక్క బొమ్మలు చేయాలని ఆలోచన. ఎన్ని వేయించాలి, ఎంతకి అమ్మాలి, ఎవరైనా కాపీ కొడితే ఏం చేయాలి, ఉద్యోగం ఎప్పుడు మానేయాలి అని అడిగారు.

నేను 2011 నుంచి హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. నోటు పుస్తకాలు, పోస్టుకార్డులు, గోడ క్యాలెండర్లు, లక్క బొంగరాలు, మీరు చేయాలనుకుంటున్న అక్షరాల కార్డులు కూడా. ఆ కార్డులు ఇప్పటికి మూడుసార్లు అచ్చయ్యాయి. అందుకని విడిగా సలహాలు చెప్పే బదులు మీ సెట్‌నే చేతిలోకి తీసుకుని మాట్లాడతాను.

మొదట చేయాల్సింది, మిగతా బొమ్మలు గీయడం ఆపేయడం. చేయి ఊరుకోదని నాకు తెలుసు. కానీ కార్డు సైజు ఖాయం కాకుండా గీసిన బొమ్మని మళ్లీ గీయాల్సి వస్తుంది. ఆ సైజుని మీ కంప్యూటర్ ముందు కూర్చుని నిర్ణయించలేరు. అది ప్రెస్‌లో, కాగితం షీటు దగ్గర తేలుతుంది.

నా మొదటి సెట్‌లో ఏమైందో చెప్తాను. పేకముక్క సైజు చేతికి బాగుంటుంది కదా అని రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు పెట్టాను. బ్లీడ్ కోసం, అంటే కోతలో పోయేలా అంచు దాటి వేసే రంగు కోసం, చుట్టూ 3 మిల్లీమీటర్లు వదిలితే ఒక్కో కార్డుకి 2.75, 3.75 అంగుళాల చోటు కావాలి. మన దగ్గర మామూలుగా దొరికే కార్డు షీటు 20×30 అంగుళాలు. 20 వైపు ఏడు కార్డులు పడతాయి, 19.25 అంగుళాలు. మిషన్ గ్రిప్పర్ పట్టుకోవడానికి ముప్పావు అంగుళం మిగులుతుంది, సరిపోతుంది. 30 వైపు ఎనిమిది పడాలంటే సరిగ్గా 30 అంగుళాలు కావాలి, షీటు కూడా 30 అంగుళాలే. కటింగ్ మార్కులకి, రంగులు సరిచూసుకునే కలర్ బార్‌కి చోటేదీ? కాబట్టి ఏడే పడ్డాయి. ఏడేళ్లు 49. మన వర్ణమాలకి 56 కావాలి. మిగిలిన ఏడు అక్షరాల కోసం రెండో ఫారం, అంటే ఇంకో షీటు, కట్టాను. రంగుకొకటి చొప్పున ముందు నాలుగు ప్లేట్లు, వెనక నాలుగు ప్లేట్లు, మళ్లీ మిషన్ సెట్టింగు, మళ్లీ లామినేషన్. ఏడు కార్డుల కోసం ఖర్చు దాదాపు రెట్టింపయింది.

రెండో ముద్రణకి ముందు ప్రెస్‌లో ఫోర్‌మన్ గారు షీటు మీద స్కేలు పెట్టి చూపించారు. ఎత్తు పావు అంగుళం తగ్గించి మూడుంబావు చేయండి అన్నారు. బ్లీడ్‌తో కలిపి మూడున్నర, ఎనిమిది కార్డులకి 28 అంగుళాలు. అడ్డంగా ఏడు, నిలువుగా ఎనిమిది, మొత్తం 56. వర్ణమాల మొత్తం ఒక్క షీటులో కూర్చుంది. పిల్లల చేతికి ఆ పావు అంగుళం తేడా తెలియనే తెలియదు. నా జేబుకి మాత్రం తెలిసింది. అందుకే చెప్తున్నాను, గీసే ముందు మీ ఊళ్లో ప్రెస్‌కి వెళ్లండి. విజయవాడ పుస్తకాల ఊరు, ప్రెస్సులకి కొదవ లేదు. వాళ్ల మిషన్ ఎంత షీటు పడుతుందో, ఏ కార్డు ఎప్పుడూ స్టాకులో ఉంటుందో అడిగి రాసుకోండి. యజమానితో కన్నా మిషన్ మీద నిలబడే మనిషితో ఎక్కువసేపు మాట్లాడండి. ఉదయం పూట వెళ్లకండి, అప్పుడు పని ఒత్తిడి మీద ఉంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్తే కూర్చోబెట్టి చెప్తారు.

తర్వాత డమ్మీ. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) ఆర్ట్ కార్డు నాలుగు షీట్లు కొనుక్కొచ్చి, ఏ అచ్చూ లేకుండా 56 తెల్ల కార్డులు కోయండి. వాటికి రెండువైపులా లామినేషన్ చేయించండి, మూలలు గుండ్రంగా కోయించండి, అప్పుడు దొంతరగా పెట్టి స్కేలుతో కొలవండి. ఈ ఒక్క పని చేయక నేను 500 పెట్టెలు పారేశాను. లెక్క కాగితం మీద వేశాను. 300 జీఎస్ఎం కార్డు మందం సుమారు 0.3 మిల్లీమీటర్లు, 56 కార్డులకి 17 మిల్లీమీటర్లు, కొంచెం వదులుగా ఉంటుందని పెట్టె లోపల 18 పెట్టి డై (పెట్టె అట్టని కోసే అచ్చు) చేయించేశాను. లామినేషన్ సంగతి మర్చిపోయాను. ఒక్క పొర చాలా పల్చన, గోరుతో గీరితే గానీ కనబడదు. కానీ 56 కార్డులకి రెండువైపులా అంటే 112 పొరలు. అన్నీ కలిసి సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగాయి. పెట్టె మూత పడలేదు. ఆ రోజు బైండింగ్ షాపులో నేల మీద కూర్చుని ఒక్కో పెట్టె మూయడానికి ప్రయత్నించడం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. తప్పు పూర్తిగా నాదే. పెట్టె ఎప్పుడూ చివర, అసలు వస్తువు చేతికొచ్చి కొలిచాకే చేయించాలి.

లామినేషన్ గురించి ఇంకో మాట. డబ్బు కలిసొస్తుందని ఒకవైపే చేయించకండి. వానాకాలం రాగానే రెండో వైపు తేమ పీల్చుకుని కార్డు అప్పడంలా వంగుతుంది. మ్యాట్ (మెరవనిది) అయినా గ్లాసీ (మెరిసేది) అయినా రెండువైపులా ఒకటే ఉండాలి. పిల్లలకైతే నేను మ్యాట్ వాడతాను, ట్యూబ్‌లైటు కింద మెరవదు.

కార్డు అంచు చుట్టూ సన్న గీతతో బార్డర్ వేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. తీసేయండి. కటింగ్ మిషన్ మీద దొంతర అర మిల్లీమీటరో ఒకటో జరగడం మామూలే, అది ఎవరి తప్పూ కాదు. బార్డర్ ఉంటే ఆ జరుగుడు వెంటనే కనిపిస్తుంది, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. బార్డర్ లేకపోతే ఎవరికీ తెలియదు. మూలలు మాత్రం గుండ్రంగానే కోయించండి. లామినేషన్ చేసిన కార్డు మూల గట్టిగా, పదునుగా ఉంటుంది, రెండేళ్ల పిల్లవాడు ముందు దాన్ని నోట్లోనే పెట్టుకుంటాడు.

ఇంక అక్షరాలు. నా దృష్టిలో ఈ పని అంతటిలో ఎక్కువ ఓపిక కావాల్సింది ఇక్కడే. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో యూనికోడ్ తెలుగు వాడుతుంటే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. లేకపోతే వత్తులు విడిపోతాయి, 'అమ్మ' రాస్తే మ వత్తు కిందకి పోకుండా 'అమ్‌మ' అని పక్కన కూర్చుంటుంది. చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే ఉన్నాయి. ఓపెన్ ఫైలు ఇస్తే వాళ్ల సిస్టంలో మీ అక్షరం ఇంకేదో అయిపోతుంది. ఫాంట్లన్నీ ఔట్‌లైన్‌గా, అంటే అక్షరాల్ని గీసిన బొమ్మల్లా, మార్చి పీడీఎఫ్ ఇవ్వండి. ఔట్‌లైన్ చేశాక మళ్లీ ఒకసారి మొదటి కార్డు నుంచి చివరి కార్డు దాకా చదవండి. నల్ల అక్షరం ఒక్క నలుపు రంగులోనే ఉండాలి, అంటే నలుపు (కె) 100 శాతం, మిగతా మూడు రంగులూ సున్నా. నాలుగు రంగులు కలిపిన నలుపు తెర మీద బాగుంటుంది గానీ, ప్లేటు వెంట్రుకవాసి కదిలినా తలకట్టు పక్కన నీలమో గులాబీయో నీడ కనబడుతుంది. మన అక్షరాల్లో మలుపులు, సన్న సందులు ఎక్కువ, 8 పాయింట్ల కింద పెడితే ఆ సందులు సిరాతో పూడుకుపోతాయి.

మండలి, రామభద్ర, సురన్న, గిడుగు, పొన్నాల లాంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌తో ఉన్నాయి. అమ్మే వస్తువుల మీద నిశ్చింతగా వాడుకోవచ్చు, ఫాంటుని విడిగా అమ్మకూడదు, అంతే. చిన్న అక్షరాలకి మండలి నాకు బాగా నచ్చుతుంది. కానీ కార్డు మధ్యలో పెద్దగా ఉండే అక్షరాన్ని మాత్రం మీరే గీయండి. పిల్లలు దాని మీద వేలు పెట్టి దిద్దుతారు. చేయి ఎక్కడ మొదలై ఎటు తిరుగుతుందో ఆ గీతలో కనిపించాలి. అచ్చు ఫాంట్లలో అది సరిగా కనబడదు.

పదాలు ఎంచుకోవడం బొమ్మలు గీయడం కన్నా కష్టం. అ అంటే అమ్మ, ఏ అంటే ఏనుగు, ఓ అంటే ఓడ, ఇక్కడిదాకా అందరికీ సులువే. ఝ దగ్గర ఆగిపోతారు. పాత వాచకాల్లో ఝషం అని చేప బొమ్మ ఉండేది. ఇప్పటి పిల్లవాడు ఆ బొమ్మ చూసి చేప అంటాడు, అప్పుడు అక్షరం చ అనుకుంటాడు. మేము ఝరి పెట్టాం, కొండ మీంచి దూకే నీళ్లు గీశాం. ణ తో మొదలయ్యే మాట తెలుగులో వాడుకలో లేదు కాబట్టి వీణ గీసి, పదంలో ణ ఒక్కదానికే రంగు వేశాం. ళ కి తాళం, ఠ కి కంఠం అలాగే. మొదట్లో సెట్ అంతా ఒకే పద్ధతి ఉండాలి, ప్రతి పదమూ ఆ అక్షరంతోనే మొదలవ్వాలి అని పట్టుబట్టాను. భాష అలా లేదని ఒప్పుకున్నాకే సెట్ తేలికపడింది.

మీరు ఎంత తెలుగు వచ్చినవాళ్లయినా అచ్చుకి ముందు ఇద్దరు తెలుగు మాస్టార్ల చేత చదివించండి, ఇద్దరికీ విడివిడిగా ఇవ్వండి. విజయవాడ పుస్తక మహోత్సవంలో మా స్టాల్ దగ్గర రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన పెట్టె విప్పి కార్డులన్నీ ఓపిగ్గా తిరగేశారు. థ కార్డు తీసి నా చేతిలో పెట్టి ఏమీ అనకుండా వేలు చూపించారు. పెద్ద అక్షరం థ సరిగ్గానే ఉంది, పొట్టలో చుక్క ఉంది. కింద రథం బొమ్మ ఉంది. దాని కింద పదం మాత్రం 'రధం' అని పడింది. అక్షరం నేర్పే కార్డు మీదే ఆ అక్షరం తప్పు. అప్పటికి 340 సెట్లు మిగిలున్నాయి. థ కార్డు ఒక్కటే మళ్లీ అచ్చు వేయించి, 340 పెట్టెలు విప్పి ఒక్కొక్కటీ మార్చాం. అమ్మేసినవాటిలో చిరునామా ఉన్నవాళ్లందరికీ కవరులో కొత్త కార్డు పంపాం. దానికి ఖర్చయింది, కానీ ఆ కార్డు అందుకున్నవాళ్లలో చాలామంది ఇప్పటికీ మా దగ్గరే కొంటారు.

ఎన్ని వేయించాలి అన్నదానికి: మొదట 50 సెట్లు, డిజిటల్ ప్రింట్. 13×19 షీటులో ఈ సైజు కార్డులు అడ్డంగా నాలుగు, నిలువుగా ఐదు, మొత్తం 20 పడతాయి. మూడు షీట్లకి 60 గళ్లు. 56 పోగా మిగిలిన నాలుగింటిలో ఒకదాని మీద సెట్ ఎలా వాడాలో రాయండి, ఒకదాని మీద మీ పేరు, ఫోన్ నంబరు వేయండి, రెండు ఖాళీగా వదిలేయండి, పిల్లలు సొంత బొమ్మ గీసుకుంటారు. ఈ 50 సెట్ల మీద మీకు లాభం రాదు, డిజిటల్‌లో సెట్ ఖరీదు ఎక్కువ. అయినా ఉచితంగా పంచకండి, మీరు పెట్టాలనుకున్న అసలు ధరకే అమ్మండి. డబ్బిచ్చి కొన్నవాళ్లే తప్పులు చెప్తారు. ఊరికే ఇస్తే అందరూ చాలా బాగుందనే అంటారు.

ఆ 50 వల్ల వచ్చిన మార్పులన్నీ చేశాక ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లతో వేసే అచ్చులో, 500. అక్కడ ప్రెస్ వాళ్లు ఇంకో వెయ్యి వేసుకోండి, సెట్ సగానికి పడుతుంది అంటారు. వాళ్లు చెప్పేది నిజమే. ప్లేట్లు, సెట్టింగు ఖర్చు ఎన్ని కాపీలకైనా ఒకటే కాబట్టి ఎక్కువ వేస్తే ఒక్కోదాని మీద తగ్గుతుంది. కానీ అమ్ముడుపోని వెయ్యి సెట్లు మీ మంచం కింద ఉంటే సెట్ ఎంతకి పడిందన్న లెక్కకి అర్థం లేదు. అందులోనూ థ కార్డు తప్పుంటే 1,340 పెట్టెలు విప్పాలి.

ఒక సంగతి ముందే తెలుసుకోండి. ఒక్క షీటులో 56 కార్డులు ఉన్నాయంటే కోసిన తర్వాత టేబుల్ మీద 56 దొంతరలు ఉంటాయి, ఒక్కో దొంతరలో 500. బైండింగ్ షాపులో ఆడవాళ్లు ఆ టేబుల్ చుట్టూ తిరుగుతూ దొంతరకి ఒకటి చొప్పున తీసి సెట్ కడతారు. సాయంత్రానికి కళ్లు అలసిపోయి ఒక కార్డు రెండుసార్లు రావడమో, ఒకటి తప్పిపోవడమో జరుగుతుంది. కార్డు వెనక మూలన చిన్నగా వరస నంబరు వేయండి. తర్వాత సెట్‌ని వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టండి. ఒక్కో కార్డు దాదాపు 1.8 గ్రాములు, సెట్ వంద గ్రాములు, ఒకటి తక్కువైతే త్రాసు చెప్పేస్తుంది. పెట్టెతో కలిపి 120 గ్రాముల దాకా ఉంటుంది. ఈ బరువు గుర్తుపెట్టుకోండి, కొరియర్ లెక్కలకి కావాలి. ముఖ్యంగా అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల నుంచి ఆర్డర్లు వస్తాయి, అక్కడ తెలుగు నేర్పే మనబడి లాంటి చోట్ల పిల్లల్ని చేర్పించినవాళ్లు ఇలాంటివి వెతుక్కుంటూ ఉంటారు. సెట్ ధర కన్నా పంపే ఖర్చే ఎక్కువవుతుంది, కాబట్టి నలుగురు కలిసి తెప్పించుకోమని చెప్పండి.

ధర విషయం. మన డిజైనర్లందరమూ ఇక్కడే మెత్తబడిపోతాం. లెక్క కోసం సెట్ మీకు 90 రూపాయలకి పడిందనుకుందాం, పాడైనవి, శాంపిల్‌గా ఇచ్చినవి కలుపుకుని. 199 పెడదామనిపిస్తుంది, రెట్టింపు కన్నా ఎక్కువే కదా అని. షాపువాళ్లకి 40 శాతం ఇవ్వాల్సి వస్తే 80 వాళ్లకి పోతుంది, మీ చేతికి 119 వస్తుంది, మిగిలేది 29. అదే 299 పెడితే షాపుకి 120, మీకు 179, మిగిలేది 89. 500 సెట్లూ అలా అమ్ముడైతే 44,500 రూపాయలు. ఇప్పుడు ఒక్కో కార్డుకి మూడు గంటలు గీశారనుకోండి, 56 కార్డులకి 168 గంటలు. గంటకి 265 రూపాయలు పడింది, అదీ ప్రెస్ చుట్టూ తిరిగిన రోజులు, స్టాల్‌లో నిలబడిన రోజులు లెక్కలో వేయకుండా. మీ ఏజెన్సీ జీతాన్ని గంటలకి భాగించి దీని పక్కన పెట్టి చూడండి. నేను 299కి తక్కువ పెట్టవద్దంటాను. ఎక్కువ అనేవాళ్లు ఉంటారు, వాళ్లు 199కి కూడా ఎక్కువే అంటారు.

షాపులకి ఇచ్చేటప్పుడు, అమ్మాక డబ్బిస్తాం అనే పద్ధతిలో ఒకేసారి వంద సెట్లు ఇవ్వకండి. నాకు ఒక పెద్ద గిఫ్ట్ షాపు నుంచి ఎనిమిది నెలలకి డబ్బొచ్చింది, అదీ అరవై సెట్లకే. మిగతావి కనబడటం లేదన్నారు. ఇప్పుడు పది సెట్లు ఇస్తాను, డబ్బొచ్చాక ఇంకో పది. సంతకం చేసిన చలానా ఉండాలి. వీలైనంత వరకు మీరే నిలబడి అమ్మండి. మీ ఊళ్లో పుస్తక మహోత్సవం మామూలుగా జనవరి మొదట్లో జరుగుతుంది, హైదరాబాద్ పుస్తక ప్రదర్శన ఎక్కువగా డిసెంబర్‌లో. రెండింటికీ వచ్చేవాళ్లు తెలుగు చదివేవాళ్లే. స్టాల్‌లో జనం పెట్టెని ఏం చేస్తారో చూడండి. ముందు చేతిలో ఊపుతారు, తర్వాత తిప్పి వెనక ధర చూస్తారు, తర్వాత మూత లాగుతారు. అందుకే పెట్టె వెనక ధరతో పాటు లోపలి కార్డులు నాలుగు పెద్దగా కనబడాలి, విప్పి చూసే శాంపిల్ ఒకటి బయట పెట్టాలి. నా అనుభవంలో ఎక్కువ కొన్నది అమ్మమ్మలు, తాతయ్యలు. కాబట్టి పెట్టె మీద అక్షరాలు కళ్లద్దాలు లేకపోయినా కనబడేంత ఉండాలి.

ఇంకో చిక్కు ఉంది. మీరు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు, హైదరాబాద్ తెలంగాణ. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలన్నది మామూలు నియమం. నోటిఫై చేసిన హస్తకళల వస్తువులకి కొంత మినహాయింపు ఉంది గానీ ఆఫ్‌సెట్‌లో అచ్చయిన కార్డులు అందులోకి రావు. హైదరాబాద్‌లో స్టాల్ బుక్ చేసే ముందే ఒక ఆడిటర్‌తో అరగంట మాట్లాడండి.

కవుల పంక్తుల గురించి అడిగారు. వేమన, సుమతి పద్యాలు ఎవరైనా వేసుకోవచ్చు. గురజాడ 1915లో పోయారు, ఆయన పంక్తులకీ అడ్డు లేదు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయిన తర్వాతి ఏడాది నుంచి లెక్కపెట్టి 60 ఏళ్లు హక్కు ఉంటుంది. శ్రీశ్రీ 1983లో పోయారు, అంటే 2043 ఆఖరుదాకా ఆయన పంక్తులు అనుమతి లేకుండా వాడకూడదు. బాపు గారి గీతలకి ఇది 2074 దాకా వస్తుంది. టీషర్టుల మీద, మగ్గుల మీద అందరూ వేస్తున్నారు కదా అనవద్దు. మన బొమ్మ కాపీ కొడితే మనకెంత మండుతుందో వాళ్ల వారసులకీ అంతే. అడిగితే కొందరు సంతోషంగా ఒప్పుకుంటారు కూడా, కాగితం మీద రాయించుకోండి.

ఇక చెక్క బొమ్మలు. కార్డులు రెండు ముద్రణలు అయ్యేదాకా వాటి జోలికి వెళ్లవద్దు. అది పూర్తిగా వేరే పని. అయినా ఇప్పటినుంచే చూసి రావడం మంచిది. మీకు కొండపల్లి పక్కనే ఉంది. అక్కడ తేలికగా ఉండే తెల్ల పొణికి కర్రని చెక్కుతారు. చేతులు, కాళ్లు విడిగా చేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు, తర్వాత రంగులు వేస్తారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో పద్ధతి వేరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతారు. గుండ్రంగా ఆకారం వచ్చాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకి నొక్కిపెడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. అప్పుడు మొగలి ఆకు ముక్కతో అదిమితే మెరుపొస్తుంది. పసుపు, జాఫ్రా గింజలు, నీలిమందు లాంటివాటి నుంచి తీసిన రంగుల్ని మళ్లీ అక్కడ నిలబెట్టడానికి సి.వి. రాజు గారు దశాబ్దాలు కృషి చేశారు, 2023లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది.

నేను మొదటిసారి ఏటికొప్పాక వెళ్లినప్పుడు చక్కగా గీసిన నలుపలకల బొమ్మ ఒకటి పట్టుకెళ్లాను. అక్కడి పెద్దాయన కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది తిరగదు బాబూ" అన్నారు. లేత్ మీద తిరిగేది గుండ్రంగానే వస్తుంది. నా కాగితం నేల మీద పెట్టి, పక్కనున్న కర్ర తీసుకుని పది నిమిషాల్లో ఒక బొంగరం తీశారు, మధ్యలో నడుం సన్నగా, కింద మొన గుండ్రంగా. మేము ఇప్పటికీ అమ్ముతున్న బొంగరం అదే. నేను చేసింది రంగుల వరస మార్చడం, పెట్టె చేయడం, ఎత్తు ఒక పిల్లవాడి గుప్పిటకి సరిపెట్టడం. పెట్టె మీద ఆయన పేరు ముందు, నా పేరు తర్వాత ఉంటుంది. మీరూ డిజైన్ పట్టుకుని వెళ్లకండి, మూడు రోజులు ఉండేలా ఖాళీ చేతులతో వెళ్లండి. బేరం ఆడకండి. వాళ్లు చెప్పిన కూలి తీసుకుని, దాని మీద మీ ధర కట్టుకోండి.

చట్టం కూడా ఒకటుంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసినవాటికి, జీఐ (భౌగోళిక గుర్తింపు) కింద నమోదైనవాటికి మినహాయింపు ఉంది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో జీఐ వచ్చింది. కాబట్టి మీరు ఎవరితో కలిసి పనిచేస్తారో ఆ కళాకారుడికి ఆ నమోదు ఉందో లేదో చూసుకోండి. ఇంటి దగ్గర వడ్రంగి చేత చేయించి, ఎనామిల్ రంగు వేసి, దానికి ఏటికొప్పాక పేరు పెట్టడం చట్టం ప్రకారమూ తప్పు, ఆ ఊరికి చేసే అన్యాయం కూడా.

కాపీ గురించి. మీ కార్డుల బొమ్మలకి గీసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది, రిజిస్టర్ చేయకపోయినా ఉంటుంది. చేస్తే గొడవ వచ్చినప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది. కార్డులు, క్యాలెండర్లు, పోస్టుకార్డుల లాంటివాటిని డిజైన్ల చట్టం కింద నమోదు చేసుకోరు, కాబట్టి అటు తిరగవద్దు. కానీ చెక్క బొమ్మ ఆకారం అలా కాదు. 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే పదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగింపు. నమోదు చేయించుకోగలిగిన ఆకారాన్ని చేయించుకోకుండా వదిలేసి 50 కన్నా ఎక్కువ తయారుచేస్తే దాని మీద కాపీరైట్ కూడా పోతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, దరఖాస్తుకి ముందే ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేస్తే అది కొత్తది కాకుండా పోతుంది. ముందు దరఖాస్తు, తర్వాత ఫోటో. మా క్యాలెండర్‌ని ఒకసారి ఒకరు మక్కీకి మక్కీ దించేశారు. పాత స్కెచ్ పుస్తకాలు, తేదీలున్న ఫైళ్లు, ప్రెస్ బిల్లు జతచేసి లాయర్ చేత ఒక నోటీసు పంపిస్తే ఆపేశారు. కాబట్టి ఒక్క స్కెచ్ కూడా పారేయకండి, వెనక తేదీ వేసి అట్టపెట్టెలో పెట్టండి.

ఉద్యోగం ఇప్పుడు మానవద్దు. నేను నాలుగో ఏట మానేశాను, అప్పటికి నా దగ్గర ఐదు వస్తువులు ఉన్నాయి, అందులో రెండు ఏడాది పొడవునా అమ్ముడయ్యేవి. క్యాలెండర్ సంక్రాంతి దాటితే చిత్తుకాగితం, దాని మీద ఇల్లు నడవదు. నోటు పుస్తకం, అక్షరాల కార్డులు జూన్‌లోనూ అమ్ముడవుతాయి, దసరాకీ అమ్ముడవుతాయి. అలాంటివి రెండు కుదిరి, ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో ఉన్నప్పుడు ఆలోచించండి. అప్పటిదాకా శనివారాలు ప్రెస్‌కి, ఆదివారాలు గీతకి.

ఈ వారం 300 జీఎస్ఎం షీట్లు కొని 56 తెల్ల కార్డులు కోయండి. పక్కింటి పిల్లల చేతికి ఇచ్చి ఒక గంట వదిలేయండి, వాళ్లు వాటితో ఏం చేస్తారో పక్కన కూర్చుని రాసుకోండి. పేకమేడ కడతారు, విసురుతారు, నాకుతారు, వరసగా పేరుస్తారు. మా సెట్‌లో కార్డు వెనక రైలు పట్టాల డిజైను అలా చూసి పెట్టిందే. వరసగా పేరిస్తే అ నుంచి ఱ దాకా పట్టాలు కలుస్తాయి.

ఙ కార్డు మీద ఏం గీయబోతున్నారో మాత్రం నాకు రాయండి. మూడు ముద్రణల్లోనూ మేము అక్కడ బొమ్మ లేకుండా అక్షరం ఒక్కటే వేశాం. సరైన బొమ్మ మీకు తట్టి, మీరు ఒప్పుకుంటే, నాలుగో ముద్రణలో మీ పేరుతో వేస్తాను.